మూసీ శుద్ధికి చేపల లెక్క కావాలి

సంపాదకులకు నమస్కారం.

మృగశిర కార్తె నాడు చేపలు తినడం మా నల్లగొండ ప్రాంతంలో తరతరాల ఆచారం. ఈ ఏడాది కూడా ఆ రోజు పొద్దున్నే సంచి పట్టుకొని చేపల మార్కెట్‌కు వెళ్లాను. తట్ట ముందు కూర్చున్న ఒక పెద్దమ్మ, నేను ధర అడగకముందే, "సారూ, ఇవి మూసీవి కావు, చెరువువే. భయపడకుండ తీస్కపొండ్రి" అన్నది. అడగని ప్రశ్నకు ఆమె జవాబు చెప్పిందంటే, అంతకుముందు ఎంతమంది ఆమెను ఆ ప్రశ్న అడిగి ఉంటారో ఊహించవచ్చు. నేను వలిగొండ దిక్కున మూసీ ఒడ్డు ఊళ్లో పుట్టినవాడిని. ఎండాకాలం ఇసుకలో చెలిమె తవ్వుకొని ఆ నీళ్లే తాగినవాడిని, బడి ఎగ్గొట్టి ఆ మడుగుల్లోనే గాలం వేసినవాడిని. తరువాత చాలా ఏళ్లు జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పాను. నది పేరు చెబితే చేప అమ్ముడుపోని కాలం వచ్చిందన్న బాధ ఇంటికి చేరిన తరువాత కూడా నన్ను వదలలేదు. ఈ ఉత్తరం రాయడానికి అదే కారణం.

మూసీ ప్రక్షాళన గురించి పత్రికలలో కొంతకాలంగా చాలా వార్తలు వస్తున్నాయి. ఒడ్డుల అభివృద్ధి, రహదారులు, వంతెనలు, ఉద్యానవనాలు, గోదావరి జలాలను హైదరాబాద్ జంట జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు తెచ్చి నదిలోకి వదలడం వంటి ఆలోచనలన్నీ చదువుతున్నాను. వీటిలో దేనికీ నేను వ్యతిరేకిని కాను. అయితే నది బాగుపడిందని మనకు ఎట్లా తెలుస్తుందన్న ప్రశ్న మాత్రం ఎక్కడా కనిపించడం లేదు. హైదరాబాద్‌లో ఒడ్డున నిలబడి చూసేవారికి నీరు తేటగా కనిపిస్తే సరిపోతుందా, లేక దిగువన భువనగిరి, సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతాలలో ఆ నీటి మీద బతికేవారి దగ్గర కొలవాలా? నా మటుకు నేను దిగువనే కొలవాలంటాను, కొలమానం చేపలే కావాలంటాను. ఇది వయసు మీద పడినవాడి చాదస్తమని పాఠకులు అనుకోకుండా ఉండేందుకు, చచ్చిపోయిందనుకున్న ఒక సముద్రపు అఖాతం మళ్లీ ప్రాణం పోసుకున్న వైనాన్ని కొంచెం వివరంగా రాస్తాను.

జపాన్‌లో క్యూషు ద్వీపం ఉత్తర కొసన కితాక్యూషు నగరం ఉన్నది. ఐదు పట్టణాలు కలిసి 1963లో ఏర్పడిన నగరం అది. దాని నడుమకు సముద్రం సన్నని పాయలాగా చొచ్చుకొని వస్తుంది. దానినే దోకాయి అఖాతం అంటారు. 1901లో యావాతాలో ప్రభుత్వ ఉక్కు కర్మాగారం పని మొదలుపెట్టిన తరువాత దాని చుట్టూ రసాయన పరిశ్రమలు, ఇతర కర్మాగారాలు ఒకదాని పక్కన ఒకటి వెలిశాయి. అన్నింటి వ్యర్థ జలాలు, వాటితోపాటు పెరిగిన జనాభా మురుగు ఆ అఖాతంలోకే చేరాయి. అది ఇరుకైనది, లోతు తక్కువైనది. బయటి సముద్రపు నీరు లోపలికి వచ్చి కడిగి తీసుకుపోవడం అంతంతమాత్రమే కాబట్టి, వదిలిన మడ్డి వదిలిన చోటనే పేరుకుపోయింది. 1960వ దశకానికి జనం దానిని మృత్యు సముద్రం అని పిలవసాగారు. ఇ.కొలై బ్యాక్టీరియా కూడా ఆ నీటిలో బతకలేదని ఆ నగరవాసులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇ.కొలై అంటే మనుషుల, పశువుల పేగులలో పుట్టి మురుగులో సైతం కొంతకాలం బతకగల సూక్ష్మజీవి. మామూలుగా అది కనిపిస్తే నీరు చెడిపోయిందంటాం. అదే కనిపించనంతగా చెడిన నీరు ఎట్లాంటిదో జీవశాస్త్రం చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు.

అటువంటి అఖాతంలో ఇప్పుడు చేపలు, ఇతర జలచరాలు కలిపి 100కు పైగా జాతులు ఉన్నాయి. నీటిపక్షులు తిరిగి వచ్చాయి. గమనించవలసిన సంగతి మరొకటి ఉన్నది. ఆ నగరంలో ఉక్కు తయారీ ఆగిపోలేదు. పరిశ్రమలు పోతేనే చేపలు వస్తాయని, చేపలు కావాలంటే కొలువులు వదులుకోవాలని మన దగ్గర కొందరు అంటుంటారు కాబట్టి ఈ మాట నొక్కి చెబుతున్నాను.

ఇది ఎట్లా సాధ్యమైందన్నదే అసలు విషయం. కాలుష్యం మీద ప్రజాగ్రహం పెరిగిన దశలో, 1970లో, జపాన్ పార్లమెంటు ఒకే సమావేశంలో 14 కాలుష్య నివారణ చట్టాలను ఆమోదించింది. కర్మాగారం గొట్టం నుంచి బయటకు వచ్చే నీరు ఎట్లా ఉండాలో చట్టం నిర్ణయించింది. నగర పాలన అంతటితో ఆగకుండా కర్మాగారాలతో విడివిడిగా కాలుష్య నివారణ ఒప్పందాలు చేసుకున్నది. ఇంటింటి మురుగు కోసం కాలువలు, శుద్ధి కేంద్రాలు నిర్మించింది. పైనుంచి పడే మురికిని ఈ విధంగా అదుపులోకి తెస్తూ, 1974, 1975 సంవత్సరాలలో అడుగున పేరుకుపోయిన పాదరసం కలిసిన బురదను తోడారు. ఆ పూడికతీతలో బయటకు వచ్చిన బురద 3,50,000 ఘనపు మీటర్లు. ఖర్చు సుమారు 180 కోట్ల యెన్లు. అందులో 71 శాతం ఆ బురదకు కారణమైన కంపెనీలే భరించాయి. మిగిలినదే ప్రజల సొమ్ము. ఈ 71 శాతం అన్న అంకెను మన పాలకులు ఒకసారి నిదానంగా చదవాలని నా కోరిక. చేపలను అక్కడ ఎవరూ తొట్లలో తెచ్చి వదలలేదు. బతకగల నీరు ఏర్పడిన తరువాత బయటి సముద్రం నుంచి అవే వచ్చాయి.

ఆ నగరంలో ఉద్యమానికి నాంది పలికినవారు ఆడవారు. తోబాతా ప్రాంతపు మహిళా సంఘాలవారు ఆరేసిన తెల్లని దుప్పట్ల మీద ఎంత మసి పడుతున్నదో చూశారు. బడి పిల్లల గైర్హాజరీని గాలిలోని మురికితో పోల్చి చూశారు. విశ్వవిద్యాలయపు ఆచార్యుల సాయంతో లెక్కలు కట్టి, 1965లో తామే ఒక చిన్న చిత్రం తీసి ఊరూరా చూపించారు. వారి పోరాటం మొదట గాలి గురించే సాగిందన్నది నిజమే కాని, కొలిచి చూపించి అడగడం అన్న పద్ధతిని ఆ నగరానికి నేర్పినవారు వారే. వారిలో చాలామంది భర్తలు ఆ కర్మాగారాలలోనే పనిచేసేవారు. ఇంటికి వచ్చే జీతం, ఇంటి మీద పడే మసి ఒకే గేటు నుంచి వస్తున్నప్పుడు నోరు విప్పడానికి ఎంత ధైర్యం కావాలో చౌటుప్పల్, చిట్యాల, జడ్చర్ల వైపు పరిశ్రమల పక్కన కాపురం ఉన్న మన ఆడబిడ్డలకు బాగా తెలుసు. ఊరికొక మహిళా సంఘం ఉన్న మన జిల్లాలలో, పొదుపు పుస్తకం పక్కన నీటి పుస్తకం ఒకటి రాయడం అసాధ్యమేమీ కాదు.

థేమ్స్ నది సంగతి మరొకటి. 1957లో లండన్‌లోని సహజ చరిత్ర మ్యూజియం శాస్త్రవేత్తలు ఆ నదిలో లండన్ పరిధిలోని భాగాన్ని జీవం లేనిదిగా తేల్చారు. తరువాత శుద్ధి కేంద్రాలను బాగుచేస్తూ వచ్చారు. నది కోలుకుంటున్నదని వారు తెలుసుకున్న పద్ధతి నాకు ఎంతో నచ్చింది. నది ఒడ్డున ఉన్న విద్యుత్ కేంద్రాలు యంత్రాలను చల్లబరచడానికి నీరు తోడుకుంటాయి కదా, ఆ తోడే చోట జల్లెడలకు చిక్కిన చేపలను మ్యూజియం శాస్త్రవేత్త ఒకరు ఏళ్ల తరబడి పోగుచేసి, ఏ జాతి ఎప్పుడు వచ్చిందో రాసిపెట్టారు. 1974లో వెస్ట్ థరాక్ అనే చోట అటువంటి జల్లెడ మీదనే ఒక సాల్మన్ చేప దొరికింది. 1830వ దశకం తరువాత ఆ నదిలో సాల్మన్ కనిపించడం అదే మొదటిసారి. సాల్మన్ ప్రాణవాయువు సమృద్ధిగా ఉన్న నీటిలో తప్ప బతకలేదు. నూరు ప్రయోగశాల నివేదికలు చెప్పే విషయాన్ని ఆ ఒక్క చేప చెప్పింది. మన దామరచర్ల మండలం వీర్లపాలెంలో కృష్ణా నీటితో నడిచే థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నది. మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి కూడా ఆ మండలంలోనిదే. నీరు తోడే చోట జల్లెడలకు చిక్కే చేపలను రాసిపెట్టడానికి ఒక పుస్తకం, ఒక మనిషి చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే అధ్యాపకుడిగా నా బాధ్యత తీరదు. నీటిలో చేప కనిపించినంత మాత్రాన నీరు మంచిదని కాదు. కితాక్యూషు ఉన్న ద్వీపంలోనే నైరుతి తీరాన మినమాటా అఖాతం ఉన్నది. అక్కడి రసాయన కర్మాగారం వదిలిన మిథైల్ పాదరసం చేపల శరీరంలో చేరింది, ఆ చేపలు తిన్న పిల్లులకు, తరువాత మనుషులకు నరాల జబ్బు వచ్చింది. 1956లో ఆ జబ్బును అధికారికంగా గుర్తించారు. పాదరసం వదలడం ఆగినది మాత్రం 1968లో. ఆ పన్నెండేళ్లు అఖాతంలో చేపలు ఉన్నాయి, వాటిని జనం తిన్నారు. 1977 నుంచి 1990 వరకు సుమారు 15 లక్షల ఘనపు మీటర్ల బురదను తోడి, 58 హెక్టార్ల మేర పూడ్చి నేలగా మార్చారు. విషపు చేప బయటికి పోకుండా అఖాతం ముఖద్వారాన వలల కంచె కట్టారు. చేపలలో పాదరసం ప్రమాణాలకు లోబడి ఉన్నదని తేలిన తరువాత, 1997లో గాని ఆ కంచె తీయలేదు. కాబట్టి చేపలను లెక్కించడంతో పాటు వాటి మాంసాన్ని కూడా పరీక్షించాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి చేసినా పని సగమే అవుతుంది.

మూసీకి వస్తాను. అనంతగిరి కొండలలో పుట్టిన ఈ నది హైదరాబాద్ దాటి, మన ఉమ్మడి నల్లగొండ జిల్లా పొడవునా పారి, వాడపల్లి దగ్గర కృష్ణమ్మలో కలుస్తుంది. అక్కడి నుంచి పులిచింతల జలాశయానికి, ఆ తరువాత బంగాళాఖాతానికి చేరుతుంది. రాజధాని పారబోసినది మొదట మన పొలాలకు, చివరకు సముద్రానికి ముడుతుంది. హైదరాబాద్ దాటగానే నది మీద తెల్లని నురగ, ఒడ్డున పారాగడ్డి, నిలిచిన చోటల్లా గుర్రపుడెక్క. నిజం చెప్పాలంటే కిందికి వచ్చేకొద్దీ నది తనను తాను కొంత కడుక్కుంటుంది. దారిలో ఉన్న పాత కత్వల (చిన్న అడ్డుకట్టల) మీదుగా నీరు దూకినప్పుడల్లా గాలి కలుస్తుంది, ఇళ్ల మురుగు కుళ్లి తరుగుతుంది. కాని లోహాలు కుళ్లవు, లవణాలు కుళ్లవు, మందుల పరిశ్రమల రసాయనాలలో చాలా భాగం అంత తేలికగా విడిపోవు. అవి నీటితో పొలంలోకి వస్తాయి, లేదా కత్వల వెనుక, సోలిపేట దగ్గరి మూసీ ప్రాజెక్టు అడుగున బురదలో కూర్చుంటాయి.

కొందరు మిత్రులు "మూసీలో ఇప్పటికీ చేపలు పడుతున్నాయి కదా" అంటారు. పడుతున్న మాట నిజం. ఏ చేపలన్నది చూడాలి. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి వంటివి నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలవు. కొర్రమీను మన రాష్ట్ర చేప, దాని మీద నాకు గౌరవమే గాని, అది బతికి ఉన్నదంటే నీటిలో ప్రాణవాయువు ఉన్నదని అర్థం కాదు. తిలాపియా కూడా మురికికి ఓర్చుకునే రకమే. బొచ్చె, శీలావతి వంటి చేపలు మొప్పలతో నీటిలోని ప్రాణవాయువును పీల్చి బతకవలసినవి. చేపలు వృద్ధి చెందాలంటే లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల కరిగిన ప్రాణవాయువు ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన ప్రమాణం. రాతిసందుల్లో దొరికే చిన్న చిన్న పరకలు, ఇసుకలో గుడ్లు పెట్టే జాతులు తిరిగి వచ్చి, అవి ఆ నీటిలోనే పిల్లలను చేసిననాడు నది కోలుకున్నట్టు. మా చిన్నతనంలో ఊత వేసి పట్టిన రకాలను వేళ్ల మీద లెక్కపెడితే రెండు చేతులూ చాలేవి కావు. అందుకే ఎన్ని చేపలు అన్న లెక్క కంటే ఎన్ని జాతులు అన్న లెక్క ముఖ్యం. ప్రభుత్వం 2016 నుంచి చెరువులలో, జలాశయాలలో ఉచితంగా చేపపిల్లలను వదులుతున్నది. మత్స్యకార కుటుంబాలకు అది మేలు చేసింది. కాని మనం వదిలిన పిల్లలు పెరగడం వేరు, నదిలోకి చేపలు తమంతట తాము తిరిగి రావడం వేరు. ప్రక్షాళన ఫలితాన్ని చూపేటప్పుడు ఈ రెండింటినీ కలిపి చూపరాదు.

హైదరాబాద్‌లో 31 కొత్త మురుగునీటి శుద్ధి కేంద్రాలను మంజూరు చేసి నిర్మించడం చాలా మంచి పని. ఇళ్ల నుంచి వచ్చే మురుగుకు అదే మందు. అయితే ఆ కేంద్రాలు పనిచేసేది బ్యాక్టీరియా మీద. మలినాలను తిని నీటిని తేటపరిచే ఆ సూక్ష్మజీవులు కర్మాగారాల ద్రావకాలను, లోహాలను తినలేవు సరికదా, ఒక్కోసారి వాటి వలన అవే చచ్చిపోతాయి. స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన పరిశోధనలో, పటాన్‌చెరు ప్రాంతంలోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి శుద్ధి తరువాత వెలువడిన నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని తేలింది. ఆ తరువాత అక్కడి వ్యర్థ జలాలను మంజీరలో కలిసే వాగులోకి వదలకుండా పైపులైను వేసి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి తరలించారు. అంబర్‌పేట మూసీ ఒడ్డున ఉన్నది. మంజీరకు తగ్గిన బరువు మూసీకి పెరిగింది. దోకాయిలో జరిగినది ఇది కాదు. అక్కడ మురికిని ఒక చోటి నుంచి మరొక చోటికి మార్చలేదు, గేటు దగ్గరే ఆపించారు.

గోదావరి నీరు తెచ్చి వదిలే విషయంలో కూడా నాకు ఇదే సందేహం. నదికి ఏడాది పొడవునా పారకం కావాలి, అందులో వాదన లేదు. కాని పారే మురికిలో మంచినీరు కలిపితే లీటరుకు ఇంత అన్న అంకె తగ్గుతుంది గాని, కిందికి చేరే విషం మొత్తం తగ్గదు. కత్వల వెనుక బురద అట్లాగే ఉంటుంది. ముందు గొట్టాలు మూయాలి, తరువాత అడుగు బురదను పరీక్షించి అవసరమైన చోట తీయాలి, ఆ పైన కొత్త నీరు రావాలి. వరుస తప్పితే వేల కోట్లు పెట్టి తెచ్చిన మంచినీరు కూడా మూసీ నీరే అవుతుంది.

నల్లగొండవారికి చెడు నీటి కష్టం కొత్త కాదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మండలాలలో ఫ్లోరైడ్‌తో వంగిపోయిన తరాలను చూశాం. పటికతో ఆ నీటిని శుద్ధిచేసే ఒక పద్ధతికి ప్రపంచమంతటా నల్లగొండ టెక్నిక్ అనే పేరే ఉన్నది. ఆ ఫ్లోరైడ్ నేల కింది రాతిలో పుట్టినది, దానిని నిందించి లాభం లేదు. మూసీలో ఉన్నది మనుషులు పోసినది. ప్రతి గొట్టానికి ఒక యజమాని ఉన్నాడు, ప్రతి గేటుకు ఒక అనుమతి పత్రం ఉన్నది. అందుకే దీని విషయంలో ఓపిక పట్టమని చెప్పడం నాకు సమంజసంగా తోచదు.

మత్స్యశాఖ, కాలుష్య నియంత్రణ మండలి కలిసి వలిగొండ, సోలిపేట, వాడపల్లి దగ్గర ఏటా రెండుసార్లు, వానాకాలానికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి, మూసీలోని చేప జాతులను లెక్కించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వల వేయడానికి ఆ ఊళ్ల మత్స్య సహకార సంఘాలవారిని కూలి ఇచ్చి పెట్టుకోవాలి. వారికి తెలిసినన్ని చేపల పేర్లు మా పాఠ్యపుస్తకాలలో కూడా లేవు. జాతులను గుర్తించే పనిలో నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, డిగ్రీ కళాశాలల జంతుశాస్త్ర విద్యార్థులు పాలుపంచుకోవచ్చు. పట్టిన చేపల మాంసంలో సీసం, పాదరసం, కాడ్మియం వంటి లోహాలు ఎంత ఉన్నాయో, నీటిలో కరిగిన ప్రాణవాయువు ఎంత ఉన్నదో పరీక్షించి, ఆ అంకెలను తెలుగులో గ్రామ పంచాయతీ గోడ మీద రాయాలి. కత్వల వెనుక, మూసీ ప్రాజెక్టులో పేరుకున్న బురదను పరీక్షించి, దానిని తీయవలసి వస్తే ఆ ఖర్చులో ఎవరి వాటా ఎంతో ప్రక్షాళన ప్రణాళికలోనే రాయాలి. మొదటి లెక్క పనులు పూర్తయిన తరువాత కాదు, ఈ ఏడాదే మొదలుకావాలి. ఈనాడు ఎన్ని జాతులున్నాయో రాసిపెట్టుకోకపోతే, పదేళ్ల తరువాత ఎన్ని పెరిగాయని చెప్పగలం?

జాతులను గుర్తించే పనికి ఎవరైనా విశ్రాంత అధ్యాపకులు అవసరమైతే, మోకాళ్లు సహకరించినంత కాలం నేను ఏ జీతభత్యాలు లేకుండా వస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
నల్లగొండ.